చెవి తెగిన ఐదు పిల్లులు

చెవి తెగిన పిల్లి కరిస్తే కంగారు పడక్కర్లేదని మా పేటలో ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. జనం తప్పుగా విన్నారనీ, సగం విని మిగతాది కల్పించుకున్నారనీ ఇప్పుడు సాకులు చెప్పను. అట్టముక్క మీద ఎర్ర సిరాతో 'చెవి తెగితే చింత లేదు' అని రాసి, పక్కన పిల్లి బొమ్మ కూడా గీసి ఆసుపత్రి తలుపుకి అంటించాను. ఆ బొమ్మ అచ్చం పందికొక్కులా ఉందని మా అక్క నెలరోజులు నవ్వింది.

మాది పిల్లుల ఆసుపత్రి. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు వెనక రెండు గదులు, అంతే. ముందు గదిలో బోనులు, వెనక గదిలో ఆపరేషన్ బల్ల. ఊళ్ళో మిగతా చోట్ల ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలంటే నెల ఇంటద్దె అంత అడుగుతారు. మా దగ్గర ఒక పూట భోజనం ఖర్చుతో ఆపరేషనూ, రేబిస్ టీకా రెండూ అయిపోతాయి. వీధి పిల్లులకైతే అదీ అక్కర్లేదు. "మనుషులకే దిక్కులేదు, పిల్లులకి ఆపరేషన్లా!" అని మూతి విరిచే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళు మంట. మనుషుల కోసం వాళ్ళు ఏం వెలగబెట్టారో నేనూ చూశాను. ఒక్కో పిల్లి ఏడాదికి మూడుసార్లు ఈనుతుంది. ఆ పిల్లల్ని కాలవల్లోంచీ, బండి చక్రాల కిందనుంచీ పాత పేపర్లలోకి ఎత్తి పారేసింది ఆ పెద్దమనుషులు కాదు, నేను.

పని చేసేది ముగ్గురం. కోసేదీ కుట్టేదీ డాక్టరమ్మ. వీధుల్లో బోను పెట్టి పిల్లుల్ని పట్టుకొచ్చేది బోనుల బాబాయ్. మత్తు ఎక్కిన పిల్లికి పొట్ట మీద బొచ్చు గొరగడం, నాలుక పక్కకి లాగి పట్టుకోవడం, కళ్ళు ఎండిపోకుండా మందు రాయడం, ఆపరేషన్ అయ్యాక వేడినీళ్ళ సీసాల మధ్య పడుకోబెట్టి మెలకువ వచ్చేదాకా కాపలా కాయడం, రిజిస్టరు రాయడం ఇవన్నీ నా పనులు. చెవి కొయ్యడం కూడా.

ఆ చెవి సంగతి కాస్త చెప్పాలి. ఆపరేషన్ అయిన వీధిపిల్లికి, అది మత్తులో ఉండగానే ఎడమ చెవి కొసని గోరంత మేర అడ్డంగా కత్తిరించేస్తాం. వారంలో మానిపోతుంది. దూరం నుంచి చూసినా ఇది అయిపోయిన పిల్లి అని తెలుస్తుంది కాబట్టి మళ్ళీ పట్టుకోరు. ఈ పద్ధతి పెట్టకముందు ఒక నల్లపిల్లిని రెండోసారి కోశాం. పొట్ట తెరిస్తే లోపల తియ్యడానికి ఏమీ లేదు. డాక్టరమ్మ ఒక్క తిట్టు తిట్టి గబగబా కుట్లు వేసింది గానీ అది మత్తులోంచి లేవలేదు. దాని నాలుక నా వేళ్ళ మధ్యే చల్లబడిపోయింది. ఆ రోజు నుంచి చెవి కొయ్యకుండా ఒక్క పిల్లిని కూడా బల్ల దిగనివ్వలేదు నేను.

చెవి తెగిందంటే ఆపరేషన్ అయినట్టు. అంతవరకే దాని అర్థం. ఆ మత్తులోనే టీకా కూడా వేసేస్తాం కాబట్టి, టీకా పడినట్టే అని రెండో అర్థం తగిలించింది నేను. ఊరికే తగిలించలేదు. రెండేళ్ళ కిందట మా పేటలో ఎవరినో పిల్లి కరిచింది. పిచ్చి పిల్లులు తిరుగుతున్నాయని పుకారు లేచింది. మూడోరోజు పొద్దున్న చేపల తలల్లో విషం కలిపి పడేశారు. ఇరవై రెండు పిల్లులు చచ్చాయి. అందులో పదహారింటికి టీకా వేసింది మేమే. ఆ కోపంతో రాశాను అట్టముక్క మీద.

డాక్టరమ్మ అప్పుడే అంది. "టీకా ఏడాదికోసారి మళ్ళీ వెయ్యాలి. తెగిన చెవి చచ్చేదాకా తెగే ఉంటుంది. అయినా ఏ పిల్లి కరిచినా సబ్బుతో కడుక్కుని సూదికి పరిగెత్తాల్సిందే. ఇలాంటివి రాయకమ్మా."

"ఇంత పొడుగు మాట ఎవరు చదువుతారండీ? జనానికి ఒక్క ముక్కలో చెప్పాలి."

"నీతో వాదించడం నా వల్ల కాదు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ రోజు ఇంకా తొమ్మిది పిల్లులున్నాయి. నేనే గెలిచాననుకున్నాను.

ఆ ముక్క పనిచేసింది కూడా. విషం పెట్టడం ఆగింది. గీరినా, కరిచినా ముందు పిల్లి చెవి చూసి "హమ్మయ్య" అనుకోవడం మొదలుపెట్టారు. కూరగాయల బండి ఆవిడ నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ నోటికొచ్చింది. అందరికంటే ముందు మా అక్కకి వచ్చింది.

అక్క దర్జీ. ఆసుపత్రి వెనక సందులో ఒంటిగదిలో ఉంటుంది, ఉండేది. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అప్పటినుంచి నాకు తల దువ్వింది, తన్నింది, చదివించింది, నా తరఫున పక్కింటివాళ్ళతో పోట్లాడింది అక్కే. బావ పోయి ఏడేళ్ళు. పిల్లల్లేరు. నేనున్నాను, సందులో పిల్లులున్నాయి. రోజూ మధ్యాహ్నం మిషను ఆపి, గుమ్మంలో కూర్చుని వాటికి చేప తలలు పెట్టేది. మా బోనుల మీద కప్పే గుడ్డలన్నీ అక్క కుట్టినవే. బడి యూనిఫారాలు కుట్టగా మిగిలిన నీలం ముక్కలు అతికి కుట్టేది. బోనుకి గుడ్డ కప్పితే లోపల పిల్లి కాస్త నెమ్మదిస్తుంది.

"ఇద్దరం కత్తెర పట్టుకునే బతుకుతున్నాం కదే. నేను కోస్తే గౌను వస్తుంది, నువ్వు కోస్తే చెవి పోతుంది," అని ఏడిపించేది.

ఇక ఆ రోజు సంగతి. పోయిన వానాకాలం కరెంటు రెండు రోజులు రాలేదు. టీకా మందు ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఫ్రిజ్ తెరిస్తే లోపల గోరువెచ్చగా ఉంది. డాక్టరమ్మ సీసాలన్నీ చెత్తడబ్బాలో పడేసింది. ముందు గదిలో చూస్తే పద్నాలుగు పిల్లులు. ఆపరేషన్ కోసం తిండి మాన్పించినవి. అందులో మూడు చూలువి. కిటికీ పక్కకి బల్ల జరుపుకుంటే వెలుతురు సరిపోతుంది.

"ఆపరేషన్లు చేసేద్దాం. టీకా వారంలో వస్తుంది. అంతదాకా వీటిని వదలొద్దు," అంది డాక్టరమ్మ.

"ఎక్కడ పెట్టనండీ? ఎల్లుండి ఇంకో పది వస్తున్నాయి."

"పోనీ, చెవులు కొయ్యకు. టీకా వేసినప్పుడు కోద్దాం."

"అప్పుడు మళ్ళీ పట్టుకొచ్చి పొట్ట కోస్తే?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ నల్లపిల్లి ఆవిడకీ గుర్తుంది. "సరే, నీ ఇష్టం. కానీ పద్నాలుగింటికీ టీకా వేయించే పూచీ నీది," అంది.

నాదే అన్నాను. పద్నాలుగు చెవులూ కోశాను. రిజిస్టరులో టీకా గడిలో వరసగా 'తర్వాత' అని పద్నాలుగుసార్లు రాశాను. మెలకువ వచ్చాక ఏ వీధివి ఆ వీధిలో వదిలేశాం.

టీకా వారంలో రాలేదు, మూడు వారాలకి వచ్చింది. బాబాయ్ మళ్ళీ బోనులు పెట్టాడు. ఒకసారి బోనులో పడ్డ పిల్లి రెండోసారి అంత తేలిగ్గా పడదు. నానా తంటాలు పడి తొమ్మిదింటిని పట్టుకొచ్చాడు. ఐదు మిగిలిపోయాయి. "అవి నన్ను చూస్తేనే గోడ దూకేస్తున్నాయమ్మా," అన్నాడు. ఇంకో వారం చూశాం. తర్వాత కొత్త పిల్లులు వచ్చాయి, వాటి వెనక ఇంకొన్ని వచ్చాయి. మర్చిపోయానని అబద్ధమాడను. రిజిస్టరు వెనక్కి తిప్పినప్పుడల్లా ఆ పేజీ తగిలేది. తగిలిన ప్రతిసారీ ఇంకాస్త గబుక్కున తిప్పేసేదాన్ని.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సెలవురోజు మధ్యాహ్నం భోజనానికని అక్క గదికి వెళ్ళాను. బడులు తెరిచే రోజులు. గదంతా నీలం గుడ్డ. అక్క మిషను తొక్కుతోంది. బొటనవేలికి పీలిక చుట్టి ఉంది.

"వేలికేమైందక్కా? సూది దిగిందా?"

"ఛ, ముప్పై ఏళ్ళ నుంచి కుడుతున్నా, నాకు సూది దిగుతుందా? మూగది కరిచింది."

"ఏ మూగది?"

"మనకి ఎన్ని మూగవున్నాయే? ఉన్నవన్నీ నోరున్నవే, నిన్ను కలుపుకుని. బూడిద రంగుది, ముందుకాలు ఒకటి తెల్లగా ఉంటుంది చూడు. మ్యావ్ అనైనా అనదు. పన్నెండు రోజులైందేమో, చేప తల పెడుతుంటే ఉన్నట్టుండి మీదకొచ్చి పట్టేసింది. వదిలితేనా! ఎప్పుడూ అలా చెయ్యలేదు పాపం."

బూడిద రంగు, ఆడది, కుడి ముందుకాలు తెలుపు. ఆ పేజీలో పన్నెండో వరస. నా రాత నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

"ఇప్పుడెక్కడుంది?"

"చచ్చిపోయిందే. కరిచిన నాలుగోరోజు నీళ్ళ పీపా వెనక పడుంది. అంతకుముందు నడక కూడా తడబడింది, మూతి వెంట చొంగ. ఏ ఎలకల మందో తినుంటుంది. చెత్తబండివాళ్ళు పట్టుకుపోయారు." మిషను మీంచి కళ్ళెత్తి నన్ను చూసి నవ్వింది. "ఏంటే అలా పాలిపోయావ్? చెవి తెగిందేలే. చూసే ఊరుకున్నా."

నాకు అనుమానం రాలేదు. అనుమానం అయితే ఇంకా నయం. అప్పటికప్పుడు మొత్తం తెలిసిపోయింది. ఇంకా వేళ మించిపోలేదని కూడా తెలుసు. ఒంట్లో ఏ తేడా కనబడకముందే సూదులు పడితే మనిషి దక్కుతుంది. తేడా కనబడ్డాక దేవుడు దిగొచ్చినా దక్కదు. ఇది నేను పదకొండేళ్ళుగా అందరికీ చెబుతున్న సంగతి. ఇక నేను చెయ్యాల్సింది నోరు తెరిచి, "అక్కా, దానికి టీకా వెయ్యలేదు," అనడం. నాలుగు మాటలు.

అనలేదు. ఎందుకు అనలేదో చెబుతాను, వినండి, విని ఉమ్మేయండి. ఈ మాట సందు దాటితే పేటంతా వచ్చి ఆసుపత్రి మీద పడుతుంది, మూయిస్తారు, మళ్ళీ చేప తలల్లో విషం పెడతారు అనుకున్నాను. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం ఇంకా నీచమైంది. మా చెల్లెలు డాక్టరంత పనిమంతురాలు అని అక్క అందరి దగ్గరా చెప్పుకునేది. ఆ మొహం మీద, పని ఎగ్గొట్టాను అని చెప్పలేకపోయాను. సిగ్గేసింది. అంతే.

"ఎందుకైనా మంచిది, పెద్దాసుపత్రికెళ్ళి సూదులు వేయించుకో అక్కా," అని నసిగాను.

"దేనికే? టీకా వేసిన పిల్లేగా?"

"ఒక్కోసారి… టీకా పట్టదు."

"నీ చేత్తో వేసింది పట్టకపోతే ఇంకెవరు వేస్తే పడుతుందే!" అని నవ్వి దారం తెంపింది. "చూస్తున్నావుగా, బడి తెరిచేలోపు నూట ఇరవై జతలివ్వాలి. పెద్దాసుపత్రికెళ్తే రోజంతా వరసలో నిలబడాలి. ఇవి ఇచ్చేసి వెళ్తాలే."

"తప్పకుండా వెళ్ళాలి మరి."

"సరేనమ్మా, డాక్టరు గారూ."

ఆ తర్వాత ఇద్దరం భోంచేశాం. నేను గుండీలు కుట్టిపెట్టాను కూడా, ఒక పాతిక చొక్కాలకి. పని తొందరగా అయితే తొందరగా వెళ్తుందని.

రెండురోజులకి ఫోన్ చేశాను. "వెళ్తాలేవే," అంది. మళ్ళీ మూడురోజులకి చేశాను. "యాభై జతలైపోయాయి," అంది. మూడోసారి అడిగినప్పుడు విసుక్కుంది. "ఏంటే నీ గోల? నువ్వే భయం లేదంటావు, నువ్వే భయపెడతావు. ఏదో ఒకటి చెప్పు."

ఏదో ఒకటి చెప్పమంది. అడిగి మరీ చెప్పమంది. నేనేం చేశానో తెలుసా? అరిచాను. "చెప్తే విని చావవు! ఎలా పోతే నాకేం!" అని ఫోన్ పెట్టేశాను. చెప్పాల్సిన మాట గొంతులో ఉంటే దాన్ని తొక్కిపెట్టడానికి కోపం బాగా పనికొస్తుంది. ఆ రోజు ఆపరేషన్ బల్ల దగ్గర గొరిగిన పొట్టనే మళ్ళీ గొరుగుతుంటే, "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని డాక్టరమ్మ అడిగింది. బాగానే ఉందన్నాను. ఆవిడకి చెప్పి ఉంటే చేతికున్న గ్లవుసులతోనే వెళ్ళి అక్కని లాక్కుపోయేది. అది తెలిసే చెప్పలేదు.

నేను పీలిక చూసిన పద్దెనిమిదో రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. నాతో పోట్లాట సంగతే ఎత్తలేదు.

"ఏమే, చెయ్యంతా చీమలు పాకినట్టుందే. రాత్రి నిద్ర లేదు. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నా. ఓసారి వచ్చి ఈ నాలుగు జతలూ కుట్టిపెట్టవూ?"

పరిగెత్తాను. అక్క మంచం మీద కూర్చునుంది. ఫ్యాను ఆపేసుంది. గాలి మొహానికి తగిలితే ఏదోలా ఉందంది. గ్లాసుతో నీళ్ళిచ్చాను. చేతిలోకి తీసుకుంది, పెదాల దాకా తెచ్చింది. గొంతు కండలన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. గ్లాసు నేల మీద పడింది. నీళ్ళు కుట్టి మడతపెట్టిన చొక్కాల కిందికి పారాయి.

"అయ్యో, యూనిఫారాలు," అంది అక్క.

పెద్దాసుపత్రిలో అక్కని రెండో అంతస్తులో చివరి గదిలో వేరుగా పెట్టారు. కిటికీలకి దళసరి తెరలు, గోడలకి సున్నం. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి కాగితం మీద ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. ఎప్పుడు కరిచింది, ఎక్కడ, కడిగారా, సూదులేమైనా వేయించుకున్నారా. అక్క అన్నిటికీ తనే జవాబు చెప్పింది, మధ్యమధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని.

"కరిచిన పిల్లికి టీకా వేశారా?"

"వేశారండీ. చెవి తెగిన పిల్లే. మా చెల్లెలే వేసింది, అక్కడే పనిచేస్తుంది," అని నన్ను చూపించింది. ఆ స్థితిలో కూడా ఆ గొంతులో కాస్త గొప్ప వినబడింది నాకు. "కాబట్టి ఇది అది అయ్యుండదండీ. ఇంకేదైనా చూడండి."

అతను 'అవును' అని రాయబోయాడు. పెన్ను కాగితానికి తగలడం చూశాను.

"లేదు," అన్నాను.

"ఏంటి లేదు?"

"దానికి టీకా పడలేదు. చెవి కోశాను, అంతే. ఆ రోజు మందు లేదు. తర్వాత వేద్దామనుకున్నాం, దొరకలేదు."

అతను నా వైపూ అక్క వైపూ చూసి, గడిలో 'లేదు' అని రాసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను అక్క మొహం చూడలేక తెర వైపు చూస్తూ నిలబడ్డాను.

"నీకు ముందే తెలుసా?" అంది అక్క.

"తెలుసు."

"నాకు పీలిక ఉన్నప్పుడు? అన్నం తిన్నరోజు?"

"తెలుసక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని, కొట్టాలని, మొహాన ఉమ్మెయ్యాలని మొక్కుకున్నాను.

"ఆ రోజే చెప్పుంటే వెళ్ళేదాన్ని కదే," అంది.

అంతే అంది. కోపం కూడా లేదు. ఎక్కడ లెక్క తప్పిందో వెతుక్కుంటున్నట్టు అంది. నేను మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. ముట్టుకోవద్దని నర్సు చెప్పినందుకేమో, అక్క చెయ్యి ఎత్తి మళ్ళీ దుప్పట్లో పెట్టేసుకుంది.

తర్వాత ఇంకో మాట అడిగింది. "అలాంటివి ఇంకెన్నున్నాయే?"

"నాలుగు."

"మన పేటలోనేనా? తిరుగుతున్నాయా?"

తలూపాను.

"మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావ్? పో. పోయి చెప్పు."

"నేను నిన్నొదిలి వెళ్ళనక్కా."

"వెళ్ళమన్నానా!" అని అరిచింది. చిన్నప్పుడు బడికి పోనని గుమ్మం పట్టుకుని వేలాడితే ఇలాగే అరిచేది. ఆ అరుపుకి మళ్ళీ గొంతు పట్టేసి, మెడ వెనక్కి విరుచుకుపోయింది. నర్సులు లోపలికొచ్చి నన్ను బయటికి తోశారు.

మెట్ల మీద నిలబడి డాక్టరమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అంతా అయ్యాక, "నువ్వసలు మనిషివేనా?" అంది. ఆ తర్వాత, "నేను తూర్పు వైపు వీధులు చూస్తాను. నువ్వు మార్కెట్ వైపు నుంచి రా. బాబాయ్‌ని బోనులు తీసుకురమ్మంటాను," అని పెట్టేసింది.

మార్కెట్ వైపు నుంచి మొదలుపెట్టాను. ఇంటింటికీ అదే మాట. చెవి చూసి నమ్మకండి. కరిస్తే, గీరితే సూదికి వెళ్ళండి. కొంతమంది తలుపు మొహాన వేశారు. కూరగాయల ఆవిడ, "అదేంటమ్మా, నువ్వేగా అంతలా చెప్పావు!" అంది. నేనే చెప్పాను, తప్పు చెప్పాను అన్నాను. ఒకాయన బూతులు తిట్టాడు. తిట్టించుకున్నాను. తిడుతున్నంతసేపూ ఆగి, తిట్టడం అయ్యాక, మీ ఇంట్లో ఎవరినైనా పిల్లి కరిచిందా అని అడిగి ముందుకెళ్ళాను.

పదమూడో గుమ్మం గడియారాలు బాగుచేసే ముసలాయనది. అద్దాల పెట్టె వెనక కంటికి భూతద్దం పెట్టుకుని వంగి కూర్చున్నాడు. మణికట్టు మీద నాలుగు ఎర్రటి గాట్లు, రెండు పళ్ళ గుర్తులు.

"పిల్లేనా తాతగారూ?"

"ఆ, పసుపుది. అయిదు రోజులైందమ్మా. దుకాణంలో దూరితే తోలబోయాను. చెవి చూశానులే, తెగిందే."

పసుపు రంగు, మగది, మార్కెట్ వీధి. ఆ పేజీలో నాలుగో వరస.

"దానికి టీకా వెయ్యలేదండీ," అన్నాను. "చెవి కోసింది నేను. టీకా వెయ్యలేదు. ఇప్పుడే సూదులు వేయించుకోవాలి. పదండి."

ఆయన భూతద్దం తీసి నా మొహంలోకి చూశాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. విప్పిన గడియారం మీద గిన్నె బోర్లించి, చొక్కా తొడుక్కుని, షట్టరు దించి, తాళం వేసి, "పదమ్మా," అన్నాడు. నేను మాట మొదలుపెట్టినప్పటి నుంచి తాళం వేసేదాకా రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అక్క మర్నాడు మధ్యాహ్నం పోయింది. ఆయన సూదులన్నీ పూర్తిచేసుకున్నాడు, నిక్షేపంలా ఉన్నాడు. నేను మార్కెట్ దారిన వెళ్తే దుకాణంలోంచి లేచొచ్చి, పదిమందిలో, "నీ పుణ్యమా అని బతికానమ్మా," అంటాడు. ఆ మాట పూర్తయ్యేదాకా అక్కడ నిలబడటం నా వల్ల కావడం లేదు.